ఊరికే డిజైన్ చేసిపెట్టమంటే: బెంగళూరు డిజైనర్లు చేయవలసినవి, చేయకూడనివి

బెంగళూరులో డిజైన్ పని మీద బతుకుతున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మారతహళ్లి పీజీలో ఉండే అమ్మాయి యాప్ తెరలు గీస్తుంది. బెల్లందూరులో నలుగురితో గది పంచుకునే అబ్బాయి లోగోలు, ప్యాకెట్ల మీద బొమ్మలు చేస్తాడు. వీళ్లలో ‘ఈ ఒక్కటీ ఊరికే చేసిపెట్టు’ అన్న మాట వినని వాళ్లుండరు. ఆ మాట స్టార్టప్ పెట్టిన సీనియర్ నుంచి రావచ్చు, ఇంటర్వ్యూకి పిలిచిన కంపెనీ నుంచి రావచ్చు. చెరువును కాపాడుకోవాలని తిరుగుతున్న కాలనీ సంఘం నుంచీ రావచ్చు. వీళ్లందరికీ ఒకే జవాబు సరిపోదు.

నేను గట్టిగా నమ్మేది ఇది. ఉచితంగా పని చేయడం తప్పు కాదు. అయితే తెలిసి, విలువ కట్టి, హద్దు గీసి ఇచ్చినప్పుడే అది దానం. రేపేదో వస్తుందని ఆశ చూపి చేయించుకున్నది ఎగ్గొట్టిన కూలి. లాభం కోసం నడిచే వ్యాపారానికి ఊరికే చేయకండి. నమ్మిన ఆశయానికి చేయండి, కానీ డబ్బు తీసుకునే పనికి ఎంత కాగితం రాస్తారో దీనికీ అంతే కాగితం రాయండి.

ఇది ఒక్కరి జేబు సంగతి కూడా కాదు. ఆరు నెలలు జీతం లేకుండా పని చేయగలిగేది ఇంటి నుంచి డబ్బు వచ్చేవాళ్లే. ఉచిత పనే ఈ వృత్తిలోకి తలుపు అయితే అనంతపురం నుంచో కరీంనగర్ నుంచో అప్పు చేసి వచ్చిన పిల్లలు ఆ తలుపు బయటే నిలబడిపోతారు. అందుకే కింది జాగ్రత్తలు మీ కోసమే కాదు, మీ తర్వాత వచ్చేవాళ్ల కోసం కూడా పాటించండి.

1. ఒప్పుకునే ముందు

చేయవలసినవి

• ఈ పని వల్ల డబ్బు ఎవరికి వస్తుందో తేల్చుకోండి. డెవలపర్‌కు జీతం, సర్వర్‌కు బిల్లు, ఆఫీసుకు అద్దె అందుతూ డిజైనర్‌కు మాత్రమే డబ్బు లేదంటే, అక్కడ లేనిది డబ్బు కాదు, మీ పని మీద గౌరవం.

• కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. ఎప్పుడు నమోదైంది, డైరెక్టర్లు ఎవరు అన్నది అక్కడ తెలుస్తుంది. ‘స్టార్టప్ ఇండియా గుర్తింపు ఉంది’ అంటే అది నమోదైన స్టార్టప్ అని మాత్రమే అర్థం, బిల్లులు కట్టే స్తోమత ఉందని కాదు.

• స్వచ్ఛంద సంస్థ అయితే నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌లో చూడండి. కిందటి ఏడాది వార్షిక నివేదిక అడగండి. నిజంగా పని చేసే సంస్థ ఆ ప్రశ్నకు నొచ్చుకోదు.

• పనికి ఎన్ని గంటలు పడుతుందో కాగితం మీద వేయండి. కలిసి మాట్లాడుకోవడం, మార్పులు, ప్రింటర్‌తో ఫోన్లు, ఫైళ్లు సర్దడం కూడా అందులో కలపండి. ‘ఒక్క లోగోనే కదా’ అన్నది గంటలు వేసి చూస్తే చాలాసార్లు రెండు వారాల పని.

• ఎక్కడైనా ఉద్యోగం చేస్తుంటే నియామక పత్రం మళ్లీ చదవండి. 2022 ఆగస్టులో బెంగళూరు కంపెనీ స్విగ్గీ తన ఉద్యోగులు షరతుల మీద బయటి పని చేసుకోవచ్చని విధానమే ప్రకటించింది. మరుసటి నెలలోనే, పోటీ సంస్థలకు పని చేస్తున్నారని 300 మందిని తొలగించినట్టు విప్రో ఛైర్మన్ చెప్పారు. మీ కంపెనీ ఏ వైపు ఉందో ముందే తెలుసుకోండి. డబ్బు తీసుకోలేదన్నంత మాత్రాన బయటి పని కాకుండా పోదు.

చేయకూడనివి

• అడిగిన చోటే ‘సరే’ అనకండి. కాఫీ తాగుతూ ఒప్పుకున్న పనికి హద్దులుండవు. ‘రాత్రి మెయిల్ పెడతాను’ అనండి చాలు.

• పని ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అడిగితే ఒక్క రూపాయి పంపకండి. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదుకు అదే జాతీయ హెల్ప్‌లైన్.

• ముక్కూ మొహం తెలియని వాళ్లు ‘ప్రాజెక్ట్ బ్రీఫ్’ అంటూ పంపిన జిప్ ఫైళ్లు తెరవకండి. బ్రీఫ్‌కు పీడీఎఫ్ చాలు. లోపల నడిచే ప్రోగ్రాం ఉంటే మీ పాస్‌వర్డులు, క్లయింట్ల ఫైళ్లు అన్నీ పోతాయి.

• మీ అద్దె బాకీ ఉన్న నెలలో దానం చేయకండి.

2. స్టార్టప్ అడిగినప్పుడు

హెచ్ఎస్ఆర్ లేఅవుట్, కోరమంగళల్లో ఈ సంభాషణ కొత్తది కాదు. తెలుగువాళ్ల మధ్య అయితే చనువు కూడా తోడవుతుంది:

‘తమ్ముడూ, ఇప్పుడు మా దగ్గర బడ్జెట్ లేదురా. సీడ్ ఫండింగ్ రాగానే ఫస్ట్ నీకే. పైగా నీకూ ఎక్స్‌పోజర్ వస్తుంది. ఒక లోగో, ఆరు స్క్రీన్లు, అంతే.’

జవాబు ఇలా రాయవచ్చు:

‘అన్నా, ఐడియా నచ్చింది. లోగో, ఆరు స్క్రీన్లకు నా ఫీజు 60,000. ఇప్పుడు అంత కుదరకపోతే పని తగ్గిద్దాం. 20,000కి లోగో ఒక్కటే చేసిస్తాను. సగం అడ్వాన్స్, మిగతాది ఫైళ్లు ఇచ్చే రోజున. సరే అంటే రేపే మొదలుపెడతాను.’

ఇందులో గొడవ లేదు, కోపం లేదు. ధర తగ్గించమంటే పని తగ్గింది. కావలసిన పని అంతే ఉండి ధర మాత్రమే తగ్గితే, ఆ తేడాను మీ నిద్రలోంచి కడుతున్నట్టే.

చేయవలసినవి

• అడ్వాన్స్ అడగండి. నెలల అద్దె అడ్వాన్స్‌గా చేతిలో పడందే ఇంటి తాళం ఇవ్వని ఊరిది. ఇక్కడ వ్యాపారం చేసేవాళ్లకు అడ్వాన్స్ అన్న మాట కొత్త కాదు.

• మిగతా డబ్బు తర్వాత ఇస్తామంటే క్యాలెండర్ తేదీ రాయించండి. ‘ఫండింగ్ వచ్చాక’ అన్నది తేదీ కాదు. ఆ ఫండింగ్ వచ్చిందో లేదో మీకు చెప్పేవాడూ ఉండడు.

• ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ సేవా సంస్థగా నమోదు చేసుకోండి. ఒంటరిగా పని చేసే డిజైనర్ కూడా చేసుకోవచ్చు, రుసుము లేదు. పని మొదలుకాక ముందే చేసుకోండి. ఎందుకంటే 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులో చెల్లించాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. రాతకోతలు లేకపోతే పని స్వీకరించిన 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ విషయం మీ ఇన్‌వాయిస్ అడుగున ఒక్క వాక్యంలో రాసి పెట్టండి.

• స్టార్టప్ మీ సొంత స్నేహితుడిదే అయి, మీకూ అందులో చేరాలని ఉంటే, సహ వ్యవస్థాపకులుగా చేరండి. వాటా ఎంతో, ఎవరు ఏ పని చూస్తారో, విడిపోతే ఏం జరుగుతుందో రాసుకోండి. ఆ రాత లేనంతవరకు మీరు సహ వ్యవస్థాపకులు కాదు, జీతం లేని డిజైనర్.

చేయకూడనివి

• ‘డబ్బుకు బదులు అర శాతం ఈసాప్స్ ఇస్తాం’ అన్న వాట్సాప్ మెసేజ్‌ను నమ్మకండి. మన కంపెనీల చట్టం, దాని కింద 2014లో వచ్చిన నిబంధనల ప్రకారం ఈసాప్స్, అంటే కంపెనీ వాటాలు తర్వాత కొనుక్కునే హక్కు, ఉద్యోగులకూ డైరెక్టర్లకూ ఇచ్చేవి. ఇచ్చిన తర్వాత కూడా కనీసం ఏడాది గడవందే చేతికి రావు. చేసిన పనికి బదులుగా ఇచ్చే వాటా, అంటే స్వెట్ ఈక్విటీ కూడా ఉద్యోగులకూ డైరెక్టర్లకూ మాత్రమే. బయటినుంచి పని చేసే ఫ్రీలాన్సర్‌కు ఆ దారే లేదు. మీ స్థానం ఏమిటో, బోర్డు, వాటాదారుల తీర్మానం ఎక్కడుందో అడగండి. అక్కడే నిజం తేలిపోతుంది.

• ‘ఎక్స్‌పోజర్’ను జీతంగా లెక్కించకండి. ఇంకా ఎవరికీ తెలియని యాప్ మీ పేరును ఎవరికి పరిచయం చేయగలదు?

• ‘మొదటిది ఫ్రీ, తర్వాతవి డబ్బుకి’ అన్న బేరం ఒప్పుకోకండి. మొదటి పనికి పడ్డ ధరే వాళ్ల మనసులో మీ ధర. సున్నా నుంచి పైకి రావడం 20,000 నుంచి పైకి రావడం కంటే చాలా కష్టం.

3. ఇంటర్వ్యూలో ‘అసైన్‌మెంట్’ ఇచ్చినప్పుడు

ఉచిత పని అని పేరు పెట్టకుండా చేయించుకునే ఉచిత పని ఇదే. ‘మా యాప్‌లో పేమెంట్ వరుస అంతా కొత్తగా డిజైన్ చేసి సోమవారానికి పంపండి’ అంటారు. శని, ఆదివారాలు పోతాయి. ఉద్యోగం రాదు, జవాబూ రాదు. అందరూ ఇలాగే చేస్తారని కాదు. అభ్యర్థి ఎలా ఆలోచిస్తాడో చూడాలనుకోవడం న్యాయమే. ఆ చూడటానికి రెండు మూడు గంటల పని చాలు, కంపెనీ రేపు వాడుకోగలిగిన పని అక్కర్లేదు.

చేయవలసినవి

• ముందే మూడు ప్రశ్నలు మెయిల్‌లో అడగండి. ఇదే పని అభ్యర్థులందరికీ ఇస్తున్నారా? ఎన్ని గంటలు పెట్టమంటారు? ఎంపిక కాకపోతే ఈ పనిని వాడుకోబోమని రాసిస్తారా?

• బదులుగా ఇంకో దారి చూపండి: ‘నా పాత ప్రాజెక్టు ఒకటి తెరిచి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నానో గంటసేపు చెబుతాను.’ లేదా వాళ్ల ఎదురుగానే బోర్డు మీద గీసి చూపుతానని చెప్పండి.

• ఒకటి రెండు రోజుల పని అడిగితే దానికి ఫీజు అడగండి. మర్యాదగా అడిగినందుకు పోయే ఉద్యోగం, చేరాక ఇంకా చాలా అడిగే ఉద్యోగం.

• పంపే ప్రతి పేజీ మీదా మీ పేరు, తేదీ, ‘ఇంటర్వ్యూ పరిశీలన కోసం మాత్రమే’ అన్న మాట వేయండి. మెయిల్ ద్వారానే పంపండి, ఆ మెయిల్ చెరిపేయకండి.

చేయకూడనివి

• ఎడిట్ చేయగలిగే ఫిగ్మా లింకు ఇవ్వకండి. పీడీఎఫ్ ఇవ్వండి.

• కంపెనీ నిజంగా అమ్ముతున్న ఉత్పత్తికి పూర్తిగా తయారైన తెరలు చేయకండి. ఆలోచన, వరుస, చేతి గీతల స్థాయిలో ఆపండి.

• పాత కంపెనీ రహస్య పనిని పోర్ట్‌ఫోలియోగా చూపకండి. మీరు ఇతరుల నుంచి కోరే మర్యాదను మీరూ పాటించాలి.

4. పోటీలు పెట్టినప్పుడు

పోటీలన్నీ ఒకటి కావు. రూపాయి గుర్తు కోసం 2009లో కేంద్ర ఆర్థిక శాఖ పోటీ పెట్టినప్పుడు 3,000కు పైగా ఎంట్రీలు వచ్చాయి. డి. ఉదయ్ కుమార్ గీసిన గుర్తును 2010 జూలై 15న ఆమోదించారు, బహుమతి 2.5 లక్షల రూపాయలు. దేశమంతా ఆ పేరు తెలుసుకుంది. అదే పోటీలో మిగతా వేల ఎంట్రీల్లో దాదాపు అన్నిటి వెనక ఉన్న శ్రమకు రూపాయి కూడా రాలేదు. దేశపు గుర్తు కోసం అలాంటి ప్రయత్నం చేయాలనిపిస్తే తప్పకుండా చేయండి. ఒక కొత్త బిస్కెట్ కంపెనీ లోగో కోసం 5,000 బహుమతికి వందమంది కష్టపడటంలో మాత్రం ఏ గౌరవమూ లేదు. అక్కడ వంద ఆలోచనలు కంపెనీకి దాదాపు ఊరికే దొరుకుతున్నాయి.

గెలిచినా పని చేతికొస్తుందని నమ్మకం లేదు. అమరావతిలో ప్రభుత్వ భవనాల కోసం జరిగిన అంతర్జాతీయ పోటీలో 2016లో జపాన్ సంస్థ మాకి అండ్ అసోసియేట్స్‌ను విజేతగా ప్రకటించారు. దాని అప్పటి అధిపతి ఫుమిహికో మాకి ప్రిట్జ్‌కర్ పురస్కారం పొందిన వాస్తుశిల్పి. ఆ తర్వాత వాళ్లను పక్కనపెట్టి పనిని ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్‌కు అప్పగించారు. మాకి సంస్థ మన ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌కు ఫిర్యాదు లేఖ రాసుకోవలసి వచ్చింది. అంతటి సంస్థకే అలా జరిగితే, షరతులు చదవకుండా ఎంట్రీ పంపే మనకు రక్షణ ఏముంటుంది?

చేయవలసినవి

• షరతుల్లో హక్కుల పేరా మొదట చదవండి. గెలిచిన ఎంట్రీ హక్కులు మాత్రమే తీసుకుంటే న్యాయం. పంపిన ప్రతి ఎంట్రీ మీదా హక్కులు తమవే అని రాస్తే దూరంగా ఉండండి.

• న్యాయనిర్ణేతల పేర్లు, ఫలితాల తేదీ ఉన్నాయా చూడండి.

• తుది జాబితాకు చేరినవాళ్లకు పారితోషికం ఇచ్చే పోటీలను ఎంచుకోండి.

చేయకూడనివి

• లైకుల మీద విజేతను తేల్చే పోటీకి పని పంపకండి. అక్కడ చూసేది డిజైన్‌ను కాదు, మీ స్నేహితుల సంఖ్యను.

• గెలిస్తే వచ్చే డబ్బును నెల ఖర్చుల లెక్కలో వేసుకోకండి.

5. ఆశయం కోసం అడిగినప్పుడు

ఇక్కడ మనసు విప్పి చెబుతాను. ఆశయాల కోసం పని చేయండి. 2016 అక్టోబరు 16న బెంగళూరు జనం ప్రభుత్వం కట్టాలనుకున్న స్టీల్ ఫ్లైఓవర్ వద్దంటూ చేయీ చేయీ కలిపి మానవహారంగా నిలబడ్డారు. వాళ్ల నోట, చేతిలోని అట్టల మీద ఉన్నది మూడు మాటలే: స్టీల్ ఫ్లైఓవర్ బేడ (వద్దు). 2017 మార్చిలో ప్రభుత్వం ఆ ప్రాజెక్టును విరమించుకుంది. దూరం నుంచి కూడా చదవగలిగే మూడు మాటల బలం డిజైనర్లకు చెప్పాలా? ఊరికి మన చేతి పని అవసరమైన రోజు వెనకాడకూడదు.

తెలుగువాడు ఆశయం కోసం చేసిన డిజైన్లలో అన్నిటికంటే పెద్దది జెండా. మచిలీపట్నం జాతీయ కళాశాలలో పని చేసిన పింగళి వెంకయ్య 1916లోనే జాతీయ పతాక నమూనాలతో ఒక పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి నమూనా అందించారు. గాంధీజీ అదే ఏడాది ఏప్రిల్‌లో యంగ్ ఇండియా పత్రికలో జెండా గురించి రాస్తూ వెంకయ్య పేరు రాశారు, రాట్నం ఉండాలని సూచించిన జలంధర్ లాలా హంసరాజ్ పేరూ రాశారు. ఎవరి ఆలోచన ఎంతో అచ్చులో నమోదైంది కాబట్టే ఇవాళ మనం ఆ పేర్లు ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. అయినా వెంకయ్య చివరి రోజులు ఇబ్బందుల్లోనే గడిచాయి. 1963లో ఆయన పోయారు, తపాలా బిళ్ల 2009లో వచ్చింది. ఆశయానికి ఇచ్చిన మనిషిని ఆశయం దానంతటదే చూసుకోదు. పేరు నమోదు చేయించుకోవడం, బతుకుతెరువు కాపాడుకోవడం ఇచ్చేవాళ్లే చూసుకోవాలి.

చేయవలసినవి

• ఏడాదికి ఎన్ని గంటలు దానం చేయగలరో జనవరిలోనే తేల్చుకోండి. ఆ గంటలు అయిపోతే తర్వాతి సంస్థకు ‘వచ్చే ఏడాది’ అని చెప్పండి. అది నిజం, నొప్పించని జవాబు కూడా.

• ఉచిత పనికి కూడా పూర్తి ధరతో ఇన్‌వాయిస్ ఇవ్వండి. ఉదాహరణకు ఇలా:

లోగో, మూడు ఆలోచనలు: రూ. 25,000
రెండు విడతల మార్పులు: రూ. 8,000
పోస్టర్, కరపత్రం: రూ. 7,000
మొత్తం: రూ. 40,000
ఆశయం కోసం తగ్గింపు: రూ. 40,000
చెల్లించవలసినది: రూ. 0
మూడో విడత నుంచి ఒక్కో మార్పుకు: రూ. 2,500

ఈ ఒక్క కాగితం చాలా పని చేస్తుంది. మీరు ఎంత ఇచ్చారో వాళ్లకు తెలుస్తుంది. మార్పులకు హద్దు పడుతుంది. వచ్చే ఏడాది వాళ్లకు గ్రాంటు వస్తే డిజైన్‌కు ఎంత రాసుకోవాలో కూడా తెలిసిపోతుంది.

• మాట్లాడేందుకు సంస్థ తరఫున ఒక్క మనిషిని పెట్టమనండి. తొమ్మిదిమంది కమిటీ తొమ్మిది రంగులు చెబితే పోస్టర్ పూర్తికాదు.

• మీ పేరు ఎక్కడ, ఎలా వేస్తారో ముందే రాయించుకోండి. 2017 డిసెంబరులో బెంగళూరు నగరానికి లోగో వచ్చినప్పుడు దాన్ని చేసిన స్థానిక సంస్థ నమ్మూర్ పేరు కూడా వార్తల్లో వచ్చింది. నగరం లోగోకు వర్తించే మర్యాద కాలనీ సంఘం లోగోకూ వర్తిస్తుంది.

• మీ పాత్ర ఎంతవరకో బయటకు చెప్పండి. అమరావతి కట్టడాల విషయంలో దర్శకుడు రాజమౌళి పేరు 2017లో వార్తల్లోకి ఎక్కినప్పుడు, తాను కన్సల్టెంట్‌నో డిజైనర్‌నో కాదని ఆయనే ట్విట్టర్‌లో స్పష్టం చేశారు. సాయం చేసేవాళ్ల మీద మొత్తం బాధ్యత పడకుండా ఉండాలంటే అంత స్పష్టత ఉండాలి.

చేయకూడనివి

• ‘మీ పని విలువకు 80జీ రసీదు ఇస్తాం, పన్ను తగ్గుతుంది’ అంటే నమ్మకండి. ఆ రాయితీ డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే, సేవకు కాదు. పన్ను కోసమే అయితే వాళ్లు ఫీజు కట్టాలి, మీరు వేరుగా విరాళం ఇవ్వాలి.

• కష్టంలో ఉన్న పిల్లల ముఖాలు పోస్టర్లలో వేయకండి. సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టేలా ఫొటో, పేరు ప్రచురించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తోంది. జాలి పుట్టించడానికి పిల్లల పరువును వాడుకోకూడదన్నది చట్టం లేకపోయినా పాటించవలసిన ధర్మం.

• ఎన్నికల పోస్టర్ చేస్తే ప్రింటర్, ప్రచురణకర్త పేరూ చిరునామా లేకుండా ఫైలు ఇవ్వకండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ అవి తప్పనిసరి అంటోంది.

• ఉచితం కదా అని పనిలో నాణ్యత తగ్గించకండి, గడువు దాటించకండి. ఒప్పుకున్నాక అదీ పనే.

6. హక్కుల కాగితం రాసేటప్పుడు

మన 1957 కాపీరైట్ చట్టం పని చేసినవాళ్ల పక్షానే ఉంది, కాకపోతే చదవాలి. జీతానికి పని చేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసింది సాధారణంగా యజమానిది. బయటినుంచి చేసే ఫ్రీలాన్సర్ పనికి తొలి హక్కుదారు సాధారణంగా చేసినవాళ్లే. డబ్బిచ్చి చేయించుకున్న ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉంది. డబ్బే తీసుకోనప్పుడు ఆ మినహాయింపూ రాదు.

చేయవలసినవి

• ఉచిత పనికి హక్కులు బదిలీ చేయకండి, వాడుకునే అనుమతి మాత్రమే ఇవ్వండి. ఏ పనికి, ఎక్కడ, ఎన్నేళ్లు అన్నది రాయండి. కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా తీసుకుంటుంది.

• బదిలీ తప్పదంటే సంతకంతో కూడిన రాత ఉండాలి. సంతకం లేని బదిలీ చెల్లదు. ‘పూర్తి చెల్లింపు అందిన తర్వాతే’ అన్న మాట అందులో చేర్చండి.

• పని చేసినవాళ్లుగా పేరు చెప్పుకునే హక్కు, పరువు తీసేలా పనిని మార్చకుండా అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ ఇస్తోంది. బదిలీ చేశాక కూడా అవి మీవే.

ఉచితంగా ఇవ్వడానికి మంచి నమూనా మన తెలుగు ఫాంట్లలోనే ఉంది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మల్లన్న, సూరన్న లాంటి ఫాంట్లను ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. వాటికి ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉంది. ఫాంటును విడిగా అమ్ముకోకూడదు, హక్కుల ప్రకటనను తీసేయకూడదు. రూపకర్త పురుషోత్ కుమార్ గుత్తుల పేరు ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఎవరికైనా కనిపిస్తుంది. ధర లేదు, షరతులున్నాయి, పేరుంది. ఉచితం అంటే ఇలా ఉండాలి.

చేయకూడనివి

• దొంగ ఫాంటు, దొంగ ఫొటో వాడకండి. ఊరికే చేశామన్నది రక్షణ కాదు, నోటీసు వచ్చేది ఆ చిన్న సంస్థకు. లైసెన్సు కొనవలసి వస్తే ఆ ఖర్చు వాళ్లనే పెట్టమనండి. మీ శ్రమ దానం, మీ జేబు కాదు.

• ఒప్పందం కుదరక ముందే మూల ఫైళ్లు పంపకండి. చిన్న సైజు చిత్రం చాలు.

7. డబ్బు ఎగ్గొట్టినప్పుడు

చేయవలసినవి

• మెసేజ్‌లు, మెయిళ్లు, ఫైళ్ల తేదీలు అన్నీ ఒకచోట దాచండి.

• మొదట మామూలుగా గుర్తుచేయడం, తర్వాత తేదీ పెట్టిన మెయిల్, ఆ తర్వాత లాయర్ నోటీసు. ఈ వరుస తప్పకండి.

• ఉద్యం నమోదు ఉంటే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. లేకపోతే కేసు వేయక ముందే రాజీ కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు.

• ఒప్పందం రాసుకోలేదని నిరాశపడకండి. ఊరికే ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పని నుంచి అవతలివాళ్లు లాభం పొందితే పరిహారం ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతోంది. బాకీ కేసుకు సాధారణ గడువు మూడేళ్లు.

చేయకూడనివి

• కోపంలో వాళ్ల వెబ్‌సైట్ ఆపేయకండి, పాస్‌వర్డ్ మార్చకండి. న్యాయం మీ వైపున్నా అప్పుడు కేసు మీ మీద పడుతుంది.

• ఆధారం లేకుండా సోషల్ మీడియాలో పేరు పెట్టి తిట్టకండి. పరువు నష్టం నోటీసుకు దారి ఇవ్వకండి.

8. అడిగేవాళ్లకు ఒక మాట

స్టార్టప్ పెట్టినవాళ్లూ, సంస్థలు నడిపేవాళ్లూ ఇది చదువుతుంటే: డబ్బు లేకపోవడం తప్పు కాదు, దాచడం తప్పు. ‘ఇంత మాత్రమే ఇవ్వగలం, దీనికి ఏం చేయగలరు?’ అని అడగండి. చాలామంది డిజైనర్లు దానికి సంతోషంగా దారి చూపుతారు. అడిగేది ఉచితమే అయితే ఉచితమని మొదటి వాక్యంలోనే చెప్పండి. హద్దు, గడువు, పేరు వేసే చోటు మీరే రాసి పంపండి.

డిజైనర్లకు చివరిగా ఒకటి. ఈ వారంలోనే మూడు కాగితాలు తయారు చేసుకోండి: మీ ధరల పట్టిక, ఒక పేజీ ఒప్పందం, తగ్గింపు చూపే ఇన్‌వాయిస్ నమూనా. వాటిని మీతో గది పంచుకునే వాళ్లకూ, కిందటేడు కాలేజీ వదిలి ఈ ఊరు వచ్చిన జూనియర్లకూ పంపండి. ధర ఒక్కరు చెబితే బేరమాడతారు. అందరూ చెబితే అదే ఈ ఊరి పద్ధతి అవుతుంది.